పోనివ్వమన్న మాస్టారు

మా జిరాక్స్ షాపుకీ ఆయన డ్రైవింగ్ స్కూలుకీ మధ్య ఒక్క గోడే అడ్డం. ఇరవై రెండేళ్లుగా ఆయన పాఠం వినీ వినీ ఆ గోడకి కూడా నోటికి వచ్చేసి ఉంటుంది. ఊరంతా ఆయన్ని బ్రేకు మాస్టారు అనేది. నేర్పే కారులో పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఆయన కాలు దానిమీంచి కదిలేది కాదు. ఇంట్లో కుర్చీలో కూర్చుని టీవీ చూస్తున్నా ఆ కాలు ఉన్నట్టుండి నేలను నొక్కుతుందని మాస్టారి భార్య నవ్వేది.

కొత్తగా చేరినవాళ్ల చేతిలో ఆయన మొదట పెట్టేది తాళంచెవి కాదు, ఒక కాగితం. పైన 'ప్రమాదం జరిగితే' అని ఉండేది. వేల కాపీలు నా మిషను మీదే తీశాను. వెంటనే కారు ఆపు. నాలుగు లైట్లూ వెలిగించు. వెనక వచ్చేవాళ్లకి దూరం నుంచే కనపడేలా ఎర్ర త్రికోణం పెట్టు. అంబులెన్సుకి ఫోను చెయ్యి. పడ్డ మనిషిని లేపకు, నీళ్లు తాగించకు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో నొక్కి పట్టుకో. పోలీసులు వచ్చేదాకా కదలకు. ఇదంతా తు.చ. తప్పకుండా అప్పజెప్పినవాళ్లే స్టీరింగు ముట్టుకోవాలి. "ముందు ఆపు, తర్వాత భయపడు" అనేవారు.

కాగితం మీద లేని నియమం ఇంకొకటి ఉండేది. "కారులో ఉన్నంతసేపూ నేను చెప్పింది చెయ్యాలి. ఎందుకని అడగొద్దు. అడిగేలోపు గోడ వచ్చేస్తుంది." అందరూ నవ్వేవారు. నవ్వి, అలాగే వినేవారు.

మా ఎదురు వరసలో బట్టలు కుట్టే ఆవిడ నలభై దాటాక నేర్చుకోవడానికి వచ్చింది. కుట్టిన యూనిఫాంలు తనే వ్యానులో వేసుకుని బడులకి చేర్చాలని ఆవిడ ఆశ. ఏళ్ల తరబడి మిషను తొక్కిన కాలు కదా, పెడలు మీద ఎంత ఒద్దికగా ఆడుతోందో చూడు అని మాస్టారు నా దగ్గర మురిసిపోయేవారు.

పన్నెండో రోజు పొద్దున్న పదింటికి, గోడౌన్ల సందులో మలుపు తిరుగుతుంటే కారు అద్దం ఎవరికో తగిలింది. సైకిలుతో సహా మనిషి పడ్డాడు. ఆవిడ బ్రేకు తొక్కింది. కారు నేర్పినట్టే ఆగింది. అప్పుడు మాస్టారు "పోనివ్వమ్మా" అన్నారు.

ఆవిడ పడ్డ మనిషి వైపు చూసింది, తర్వాత ఈయన వైపు చూసింది. "పోనివ్వు" అన్నారు మళ్లీ. పన్నెండు రోజులుగా ఆ గొంతు ఏది చెబితే అది చేసిన కాలు అప్పుడూ చేసింది.

నా షాపులోకి వచ్చేసరికి ఆయన చొక్కా చెమటతో తడిసిపోయి ఉంది. "కారు నెత్తిమీద స్కూలు బోర్డుంది కదా తమ్ముడూ. అదే గుర్తొచ్చింది. మనిషి గుర్తు రాలేదు" అన్నారు.

"ఎవరైనా చూశారా?" అని అడిగాను.

"లేదనుకుంటా."

"అయితే కిక్కురుమనకుండా ఊరుకోండి."

ఆ మాట అన్నది నేనే. ఇంకొకరి మీదకి నెట్టను. అన్ని వేల కాపీలు తీసినా ఆ కాగితం నాకు కూడా ఒంటబట్టలేదు.

ఒక గంట అలాగే కూర్చుని, ఆయన లేచి సందు వైపు నడిచారు. నేనూ షట్టరు దించి వెంట వెళ్లాను. సైకిలు గోడకి చేరేసి ఉంది. గోడౌనులో బస్తాలు మోసే అతను జరిగింది చెప్పాడు. "లేపి నిలబెట్టాం సార్, కాలు మడతపడిపోయింది. నలుగురం తలా చెయ్యీ కాలూ పట్టుకుని వ్యానులో పడేశాం. ఏం చెయ్యాలో మాకేం తెలుసు?"

"తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే" అని మాస్టారు ఆసుపత్రి వైపు నడిచారు.

పడ్డప్పుడు ఎముక బీటలే వారిందని, నిలబెట్టడం వల్ల పూర్తిగా విరిగి చర్మం చీల్చుకుని వచ్చిందని డాక్టరు చెప్పాడు. నడక మునుపటిలా ఉండకపోవచ్చట. మంచం మీద ఉన్నది తాళాలు బాగుచేసే అతను. పక్కన పోలీసు రాసుకుంటున్నాడు.

"నేర్పే కారు సార్. పేరు చూడలేదు. ఆడమనిషి నడుపుతోంది. ఆపింది, నన్ను చూసింది. చూసి మరీ పోయింది" అంటున్నాడు అతను.

అక్కడ నోరు మూసుకుంటే చాలు, తప్పంతా ఆవిడ మీదకి పోయేది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆయన నోరు మూసుకోవాలనే నేను ఆ క్షణంలో కోరుకున్నాను. ఆయన మంచం దగ్గరికి వెళ్లి నిలబడ్డారు.

"ఆవిడ ఆపింది. పోనివ్వమన్నది నేను. రెండుసార్లు చెప్పాను" అన్నారు.

తాళాలతను ఆయన్ని గుర్తుపట్టాడు. "మీ స్కూలు షట్టరు తాళం మొన్న నేనే కదా సార్ బాగుచేసింది" అన్నాడు. తిట్టినా బాగుండేదని మాస్టారు ఇప్పటికీ అంటారు.

కేసు నడిచింది. స్కూలు ఆరు నెలలు మూతపడింది. మళ్లీ తెరిచిన రోజున ఆయన పాత కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. అన్నిటికన్నా పైన తన చేతిరాతతో ఒక వాక్యం చేర్చారు. 'మాస్టారు పోనివ్వమన్నా సరే, ఆపు.'

మొదటి కాపీ ఇంకా వేడిగా ఉండగానే రోడ్డు దాటి తీసుకెళ్లి ఆవిడకి ఇచ్చారు. ఆవిడ మిషను ఆపి చదివింది.

"ఆ రోజు ఆపాను కదా మాస్టారూ" అంది.

"ఆపావమ్మా. నువ్వు ఆపావు. రేపటి నుంచి మళ్లీ క్లాసుకి రా. డబ్బు వద్దు."

ఆవిడ కాగితాన్ని మడిచి కత్తెర కింద పెట్టింది. "మీరు చెప్పారని ఇక ఏదీ చెయ్యలేను మాస్టారూ" అని, మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

యూనిఫాంలు ఇప్పటికీ కిరాయి వ్యానులోనే వెళుతున్నాయి.