గుండం దాకా నడిపించిన విశాలాక్షక్క

విశాలాక్షక్క కన్నుమూసిందన్న వార్త ఈ అరబ్బు దేశంలో రుస్తాఖ్ ఊళ్ళోని మా ఆసుపత్రికి ఉదయం డ్యూటీ మారే వేళకు చేరింది. ముందురోజు సాయంత్రం వార్డు నాకు అప్పగించి, “రేపు కలుద్దాం పాపా” అని వెళ్ళిన మనిషి నిద్రలోనే గుండె ఆగి వెళ్ళిపోయిందంటే నా బుద్ధి అంగీకరించలేదు. “ఏ విశాలాక్షి?” అని ఫోను చేసినవాళ్ళనే తిరిగి అడిగాను. మా అందరికీ ఆ పేరుగల మనిషి ఒక్కతే అని తెలిసీ అడిగాను.

అక్కది కడప జిల్లా. యౌవనంలోనే వైధవ్యం ప్రాప్తించింది, సంతానం లేదు. నర్సుగా ఈ దేశానికి వచ్చి, తల నెరిసేదాకా రోగుల పడకల మధ్యనే జీవితం గడిపింది. మాట కటువు. పడక దుప్పటి ముడత పడితే డాక్టరు ఎదుటే మమ్మల్ని కడిగేసేది. తన ఆరోగ్యం సంగతి ఎత్తితే మాత్రం, “నాకేమైతాది, గుండ్రాయి మాదిరి ఉండా” అని మా నోరు మూయించేది. ఆ ఒక్క విషయంలో ఆమె మాట తప్పింది.

రాజమండ్రి నుంచి కొత్తగా వచ్చిన రోజుల్లో నేను గది తలుపు వేసుకుని ఏడుస్తుంటే, పళ్ళెంలో అన్నం, గోంగూర కలిపి తెచ్చి ఎదురుగా కూర్చుంది. “ఏడ్చు పాపా, ఎవరొద్దన్నారు? గానీ తిని ఏడ్చు. ఒట్టి కడుపుతో ఏడిస్తే తలనొప్పి ఒకటి మిగుల్తాది.” నేనప్పుడు ఏడుస్తూనే నవ్వాను.

ఆసుపత్రి వెనక తిరిగే ఒక వీధికుక్కను అక్క చేరదీసింది. కొర్రల రంగులో ఉందని దానికి కొర్రడు అని పేరు పెట్టింది. శుక్రవారాలు సెలవు దొరికితే దాన్ని వెంటబెట్టుకుని కొండలెక్కేది. వాదీ అని ఇక్కడివారు పిలిచే కొండవాగు వెంబడి పైకి పోతే, బండల నడుమ వేసవిలోనూ ఎండని ఒక మడుగు ఉంది. అక్క దాన్ని తమ సీమ మాటతో గుండం అనేది.

ఆ గుండానికి చేసిన ఒక ప్రయాణం నా స్మృతిలో చెక్కుచెదరక నిలిచి ఉంది. రెండేళ్ళ కిందటి వేసవి అది. ఒక ఇంట్లో పనిచేసే గోదావరి జిల్లా పిల్ల సత్యవతి, తిండి మానేసి స్పృహ తప్పి మా వార్డుకు వచ్చింది. ఊళ్ళో తల్లి మరణించింది. వీసా ఇచ్చిన యజమాని దేశంలో లేకపోవడంతో కాగితాలు కదలక, ఆ పిల్ల అంత్యక్రియలకు వెళ్ళలేకపోయింది. సెలైన్ ఎక్కించి పంపేశాక కూడా అక్కకు మనసొప్పలేదు. ఆ ఇంటి ఇల్లాలికి ఫోను చేసి, ఒక్క శుక్రవారం అమ్మాయిని తనతో పంపమని అడిగింది.

తెల్లవారకముందే బయలుదేరాం. అక్క, నేను, సత్యవతి, ఆసుపత్రి డ్రైవరు కరీం భాయ్. ముందు కొర్రడు. సగం దారిలో సత్యవతి ఒక బండ నీడన కూలబడింది.

“నేను రాలేనండి అక్కా. నన్నిక్కడొదిలేసి మీరెళ్ళిపోండి.”

ఆ గొంతులో వినిపించింది కేవలం అలసట కాదు, జీవితం మీద విరక్తి. రాళ్ళు కాలడం మొదలైంది. “ఎండ ఎక్కువైతాంది సిస్టర్, వాపస్ పోదాం” అన్నాడు కడపవాడే అయిన కరీం భాయ్. అక్క ఆ మాట వినిపించుకోకుండా సత్యవతి పక్కనే చతికిలబడింది. కొర్రడు వచ్చి ఆ పిల్ల కాళ్ళ దగ్గర నాలుక వేలాడేసి వగరుస్తూ నిలబడింది. అక్క నీళ్ళ సీసా సత్యవతి చేతికిచ్చింది.

“దానికి నీళ్ళు పట్టు. నీ దుఃఖం దానికి తెల్దు. దాని దప్పిక నీకు కనపడ్తాంది గదా?”

సత్యవతి దోసిలి పట్టింది. కుక్క ఆబగా తాగి, తడిసిన మణికట్టు కూడా నాకింది.

“ఆఖరికి మా అమ్మ నోట్లో చుక్క నీళ్ళు పొయ్యలేకపోయానండీ!”

వార్త తెలిసిన నాటినుంచి బిగబట్టిన శోకమంతా ఒక్కసారిగా కట్టలు తెంచుకుంది. అక్క ఆ పిల్ల భుజం చుట్టూ చెయ్యివేసి అలాగే కూర్చుంది. కరీం భాయ్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. చాలాసేపటికి సత్యవతి తనంతట తానే మిగిలిన నీళ్ళు తాగి లేచింది.

గుండం చేరగానే కొర్రడు ఆకుపచ్చని నీళ్ళలోకి దూకింది. సత్యవతి గట్టున నిలబడి సంకోచంగా అడిగింది: “అమ్మ పేరు మీద ఇక్కడ తలస్నానం చెయ్యొచ్చా అక్కా?”

“చెయ్ పాపా. నీళ్ళు యాడివైతే ఏముండాది? మీ అమ్మను తల్చుకో.”

ఆ పిల్ల జుట్టు విప్పుకుని, తల్లి పేరు బిగ్గరగా పిలుస్తూ మునిగింది. అక్క మోకాలి లోతు నీళ్ళలో దిగి, పడకుండా ఆమె రెక్క పట్టుకుంది. నేను చూసిన కర్మకాండల్లో అంత పవిత్రమైనది మరొకటి లేదు.

సత్యవతి ఇప్పుడు ఖురియాత్ అనే మరో ఊళ్ళో పనిచేస్తోంది. వార్త తెలిసి పరుగున వచ్చింది. పార్థివ దేహాన్ని స్వదేశానికి పంపే ముందు, అక్క తల దువ్వి, నుదుట విభూతి పెట్టి, బిడ్డలేని ఆ తల్లికి బిడ్డగా నిలబడింది. కొర్రడిని కరీం భాయ్ తన రూమ్‌కు తీసుకుపోయాడు. నాకు ఉద్యోగం నేర్పిన, నన్ను మనిషిగా నిలబెట్టిన ఆ గురుమూర్తికి అశ్రుపూరితంగా ప్రణమిల్లుతున్నాను.

మొన్న శుక్రవారం చీకటి విడకముందే మెలకువ వచ్చింది. నా తలుపు బాది, “లెయ్ పాపా, చల్లపొద్దునే పోదాం పా” అనేవాళ్ళు ఈ దేశంలో ఇక ఎవరూ లేరు. అయినా లేచి కూర్చుని, తెల్లవారేదాకా ఆ తలుపు వైపే చూశాను.