గంప కింద గుడ్లు

మా మావయ్య తాళాలు బాగుచేస్తాడు. ఎవరి తాళమైనా నిమిషంలో తీయగలడు కాబట్టి, తన తాళాన్ని మాత్రం మూడుసార్లు లాగి చూస్తాడు. దుకాణంలో వీధివైపు వీపు పెట్టి కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు.

అలాంటి మనిషి ఇరవై ఏళ్లు అద్దెగదుల్లో గడిపి, పక్షుల అభయారణ్యం కంచెను ఆనుకుని స్థలం కొన్నాడు. చవగ్గా ఎందుకిచ్చారా అని సంతకం పెట్టిన రోజే అనుమానం మొదలైంది. ఇల్లు కట్టాలంటే అటవీశాఖ పత్రం కావాలి. అది రాలేదు గానీ, గార్డు రోజూ కంచె అవతల నిలబడి, ఇటే దుర్భిణి పెట్టి చూసి, ఏదో రాసుకునేవాడు.

"వాడు నా స్థలానికి ఎసరు పెడుతున్నాడు," అనేవాడు మావయ్య.

"మీకు మీ నీడమీద కూడా అనుమానమే," అని అత్తయ్య విసుక్కునేది.

హద్దురాళ్లు జరిపేస్తారేమోనని రోజూ పొద్దున్నే గట్టు వెంట తిరిగి చూసుకునేవాడు. ఒకరోజు స్థలం మధ్యలో గులకరాళ్ల నడుమ నాలుగు మచ్చల గుడ్లు కనిపించాయి. తీతువు పిట్టవి. గార్డు చూస్తే ఈ నేల కూడా పిట్టలదే అంటాడు, ఇక ఇల్లు కల్లే. పారేయడానికి చేతులు రాక, వాటిమీద గంప బోర్లించి దుకాణానికి వచ్చేశాడు.

ఆ మధ్యాహ్నం నేను తాళంచెవి చేయించుకుంటుండగా గార్డే వచ్చాడు.

"నేనేం చేయలేదు," అన్నాడు మావయ్య, అతను నోరు తెరవకముందే. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే.

గార్డు నవ్వి కాగితం అందించాడు. "మీ పత్రం వచ్చిందండీ మేస్త్రిగారూ. తీతువు పిల్లలు వెళ్లిపోయాక పునాది తవ్వుకోండి. గుడ్లు పెట్టి పది రోజులైంది. కాపలా పెడదామనుకున్నా. మీరు రోజూ వాటిని తొక్కకుండా గట్టువెంటే నడవడం చూసి, యజమాని నమ్మకస్తుడు, కాపలా అక్కర్లేదని రాశాను."

గార్డు అటు వెళ్లగానే మావయ్య స్థలానికి పరుగు తీశాడు. దుకాణం బార్లా తెరిచే ఉంది. తాళం నేనే వేసి వెనకాలే వెళ్లాను.

గంప తీశాడు. పిట్ట దూరంగా నిలబడి చూస్తోందే తప్ప దగ్గరికి రాదు. మావయ్యను చూస్తే మొదటిసారి జాలేసింది. గట్టుదాకా వెళ్లి, స్థలం వైపు వీపు పెట్టి కూలబడ్డాడు.

"వచ్చిందిరా?"

"ఇంకా లేదు మావయ్యా. నువ్వే చూడు."

"నేను చూస్తుంటే రాదురా," అని అలాగే కూర్చున్నాడు.