నున్నటి బండలు

ఆ సాయంత్రం రాయచోటిలోని మా వీధిలో ఉన్నవీ, ఉన్నవాళ్లూ: కొత్తగా కడప బండలు పరిచిన ఫుట్‌పాత్, మేస్త్రీ ఓబులేసు, సైట్ ఇంజనీరుగా నేను, చేతికర్రతో మా పొరుగింటి కాసిం తాత.

డిప్లొమా అయ్యాక నాకు అప్పగించిన తొలి పని అది. ఆ బండలకు ఒక పక్క గరుకు, ఒక పక్క నునుపు. ఇళ్లలో పరిచే అలవాటు కొద్దీ ఓబులేసు నున్నటి పక్క పైకి పెట్టాడు. చూడ్డానికి బాగుందని నేనూ ఊరుకున్నాను.

"సూడు తాతా, అద్దం మాదిరి ఉండాది," అన్నాడు ఓబులేసు.

"అద్దం గోడకు ఉండల్లప్పా! కాళ్ల కింద పెడితే జారదా?"

"జారదు తాతా, నేను చెప్తాండా కదా," అన్నాను.

"ఇంజనీరువి, నువ్వే చెప్పినాక ఇంకేముండాది!" అని తాత నవ్వాడు.

మూడో రోజు మధ్యాహ్నం వాన పడింది. వెలిశాక ఆయన రోజూలాగే ఒంటరిగా మసీదుకు బయలుదేరి, మా గేటు ముందే జారిపడ్డాడు. లేపుదామని పరుగెత్తితే నా కాలూ జారింది. ఆయనకు తుంటి ఎముక విరిగింది.

ఆస్పత్రిలో నేను తలెత్తలేకపోయాను.

"ఏడ్చద్దు నాయనా. నేనే సూసుకోని నడవాల్సింది," అన్నాడు. తిట్టినా బాగుండేది.

తర్వాత బండలన్నీ పీకించి గరుకు పక్క పైకి వేయించాను. పట్టుకోవడానికి గోడ వెంబడి కమ్మీ కూడా పెట్టించాను. మొదట పరిచినప్పుడు కొలతలన్నీ సరిచూసిన నేను, తడి బండ మీద ఒక్కసారైనా నడిచి చూడలేదు.

ఇప్పుడు కాసిం తాత తన కొడుకు భుజం పట్టుకుని మంచం నుంచి వాకిలి దాకా నడుస్తాడు. ఏడు అడుగులు.