మనవాళ్ల పేట

నా చిన్నప్పుడు మా తాలూకాలో ఏ వీధి ఓట్లు ఏ గుర్తుకు పడతాయో పోలింగుకు ముందే చెప్పగలిగిన మనిషిగా మా తాతయ్యకు పేరుండేది. నాకు తెలిసినంతలో ఆయన మాట తప్పలేదు. మొన్న, నేనిప్పుడు ఉంటున్న పరాయి దేశంలో, పుంగ్గోల్‌లో మా ఫ్లాట్ల బ్లాకు కింద కూర్చున్నప్పుడు, చాంగీ బిజినెస్ పార్క్‌లో పనిచేసే పక్కింటి అబ్బాయి తన ఫోన్‌లో ఆ ప్రాంతపు పటమే చూపించాడు. కులాలవారీగా రంగులు వేసి ఉంది. "క్లియర్‌గా ఉంది ఆంటీ, ఆ పేటలవాళ్లు తరతరాలుగా ఒకే పార్టీ" అన్నాడు. ఆ లెక్క ఎలా వచ్చిందని అడిగాను. "మీకు అన్నిటికీ డౌటే లా!" అని మాట చివర ఇక్కడివాళ్ల 'లా' తగిలించి నవ్వాడు. ఆ డౌటు ఎక్కడ మొదలైందో అతనికి చెప్పలేదు.

మా ఊరి చివర ఒక పేట ఉండేది. అక్కడ తాగే నీళ్లు లేవు. మా ఇంట్లో పనిచేసే అక్క ఆ పేట మనిషే. వేసవిలో మా పొలం బావికి వచ్చి, కాపలావాడు ఒప్పుకుంటేనే బిందె నింపుకునేది. ఆ ఎన్నికల్లో పేటకు బోరు వేయిస్తామని రెండు పక్షాలూ చెప్పాయి. "ఈసారన్నా నా చేత్తో నేనే ఓటేస్తా పాపా" అని అక్క నాకు జడ వేస్తూ అంది. ఎవరికో చెప్పలేదు.

పోలింగు నాడు తాతయ్య పేటవాళ్లందరినీ దూరపు చేనికి చెనక్కాయలు పీకడానికి పంపాడు. గడువు ముగిసేలోగా తన ట్రాక్టరులోనే బూతు దగ్గర దింపిస్తానని మాటిచ్చాడు. ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా. పేటవాళ్ల బూతు మా బడిలోనే. అక్క మట్టి చేతులు కొంగుకు తుడుచుకుని, తాతయ్య వెంట వచ్చి అక్కడున్న నా చెయ్యి పట్టుకుని లోపలికి నడిచింది.

బల్ల దగ్గరి ఉద్యోగి తలెత్తకుండానే, "నీ ఓటు పొద్దున్నే పడిందమ్మా" అన్నాడు.

"నేను చేన్లో ఉంటే ఎట్ల పడతాది సారూ?"

"పడిందంటే పడిందే లేమ్మే," అన్నాడు గుమ్మం దగ్గర కూర్చున్న మా తాతయ్య. "నీకు శ్రమ తప్పింది. ఇంటికి పో."

అక్కడున్నవాళ్లు నవ్వారు. అక్క సిరా గుర్తు లేని వేలిని వాళ్లకు కాదు, నాకు చూపించింది. "బాగా చూసుకో పాపా. నేను ఓటేసినానంట."

పేట బూతులో ఓట్లన్నీ తాతయ్య చెప్పిన గుర్తుకే వచ్చాయి. బోరు మాత్రం అవతలి పక్షానికి ఓట్లేసిన వీధిలో పడింది. ఎందుకని భోజనాల దగ్గర అడిగాను. "పేటోళ్లు ఎటూ మనోళ్లే కదమ్మా. అవతలోళ్లకు నీళ్లిస్తే నాలుగు ఓట్లు ఇటు తిరుగుతాయి" అని నా కంచంలో నెయ్యి వేస్తూ ఓపికగా వివరించాడు. నాతో ఆయన ఎప్పుడూ అంత ప్రేమగానే మాట్లాడేవాడు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

తర్వాత సైన్స్ పార్క్‌లోని ప్రయోగశాలలో ఏళ్ల తరబడి ఇతరుల ఫలితాలను సరిచూడడమే నా ఉద్యోగమైంది. ఒక సంఖ్య మరీ నిలకడగా కనిపిస్తే, దాన్ని నిలబెడుతున్నదెవరో ముందు వెతికేదాన్ని. ఈ విషయంలో కూడా నాకు తెలిసినదానికి మించి చెప్పకూడదు. నేను కళ్లారా చూసింది ఒక్క మనిషినే. పేటంతటికీ అలాగే జరిగిందని రుజువు చేయలేను.

అక్క ఆ తర్వాత కూడా అదే బావికి వచ్చింది. ఆమె అవతలి పక్షానికే వేసి ఉండేదని అనుకోవడం తేలిక. నా కోపానికి అది అనుకూలం కూడా. కానీ ఆమె తాతయ్య గుర్తుకే వేయాలని వచ్చిందేమో. అది తేలే ఒకే ఒక్క దారిని, ఆమె వేయాల్సిన ఓటును, ఆ రోజు మా ఇంటి మనిషే మూసేశాడు. ఆమె ఎవరిని ఎంచుకునేదన్న చోట నా దగ్గర ఖాళీ మాత్రమే ఉంది. దాన్ని ఎవరి ఊహతోనూ, చివరికి నా ఊహతోనూ, నింపనివ్వను.