వరుసలో ముందున్న నా పలక

మొన్న మార్కాపురంలో కళ్ళు చూపించుకుని బస్సులో ఊరికి తిరిగి వస్తుంటే, తర్లుపాడు రోడ్డు ఎక్కీ ఎక్కకముందే బస్సు ఆగిపోయింది. ఏందని చూస్తే ఎవరో అభ్యర్థి ఊరేగింపు, రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా మోటారు సైకిళ్ళు, వాటికి సైలెన్సర్లు పీకేసినట్టున్నారు, ఒక్కొక్కటి బాంబు పేలినట్టు పేలుతోంది. మందు వేసిన కళ్ళకు మనుషులు మసకగానే కనిపించారు గానీ ఆ మోత మాత్రం నేరుగా గుండెలో దిగింది. నా పక్కన ఒక బాలింత, ఒళ్ళో బిడ్డ చెవులు రెండు చేతులతో మూసి కూర్చుని ఉంది. ఓట్లకు నిలబడినాయన ఏడమ్మా అని నేను అడిగితే, వెనక కారులో దండాలు పెట్టుకుంటా వస్తున్నాడంట అవ్వా, మంచోడేనంట, కానీ ముందర పోయే వీళ్ళను చూస్తే ఓటెయ్యబుద్ధి కావడం లేదు అంది. ఆ పిల్ల మామూలుగానే అంది. ఈ మాటే, కొంచెం అటూ ఇటూగా, నా నడివయసులో ఇంకో ఆడమనిషి నోట విన్నాను, ఆమె చెప్పింది మా అన్న గురించి, ముందర పోయేవాడు మా ఆయన.

ఇంటికి వచ్చి రెండు రోజులు ఊరుకున్నాను, ఊరుకోలేక ఇప్పుడు మనవరాలిని కూర్చోబెట్టి చెబుతున్నాను, అది రాస్తోంది. నాకు నా పేరు రాయడం ఒక్కటే వచ్చు. జీవితమంతా పలకల ఫ్యాక్టరీలో చట్రాలు బిగించాను, ఏ ఊరి పిల్లలో వాటి మీద దిద్దుకుని పెద్దవాళ్ళయ్యారు, నా గొంతు మాత్రం ఆ రాతి దుమ్ముకు ఇట్ల బొంగురుపోయింది. నా ఈడు వాళ్ళు ఎవరైనా ఇది చదివించుకుని వింటే, ఆ రోజుల నీళ్ళ కష్టం నేను వేరే చెప్పనక్కరలేదు. బోరు నీళ్ళు తాగితే పళ్ళు పచ్చబడేవి, మోకాళ్ళు వంకర పోయేవి, తాగే నీళ్ళకు ట్యాంకరే దిక్కు, అది మధ్యాహ్నం దాటాక ఏ వేళకు వస్తుందో ఎవరికీ తెలియదు. ట్యాంకరు ఆగిందంటే జుట్లు పట్టుకోవడాలు, బిందెలు సొట్టలు పోవడాలు.

దానికి ఒక దారి చూపించినవాడు మా అన్న. మా ఊళ్ళో ఏ ఇంట చూసినా ఫ్యాక్టరీ వాళ్ళు పారేసిన అంచు విరిగిన పలకలు ఉండేవి కదా, ఇంటికొక పలక తీసుకుని దాని మీద మేకుతో ఎవరి గుర్తు వాళ్ళు గీసుకోమన్నాడు. పొద్దున పనికి పోయేముందు ఆ పలకను ట్యాంకరు ఆగే చోట వరుసలో పెట్టి పోవాలి, మధ్యాహ్నం బిందెలు ఆ పలకల వరుసలోనే నిలవాలి, ఇంటికి రెండు బిందెలు. చదువు వచ్చినా రాకపోయినా ఎవరి గుర్తు వాళ్ళకు తెలుసు. నాది రెండు నిలువు గీతలు, నడుమ ఒక చుక్క. ఫ్యాక్టరీలో నా ఎదురుగా కూర్చుని పనిచేసే చర్చి సందు అక్కది శిలువ గుర్తు. ఎవరూ కాపలా లేకపోయినా ఆ పలకలను ముట్టుకునేవాళ్ళు కాదు.

ఒకసారి మా చిన్నదానికి జ్వరం వచ్చి నేను ఆలస్యంగా పోయి, ఎవరూ చూడడం లేదు కదా అని నా పలకను నడుమ దూర్చాను. ఎక్కడి నుంచి చూశాడో మా అన్న, వచ్చి ఒక్క మాట కూడా అనకుండా నా పలక తీసి చివర పెట్టాడు, అంతమంది ముందు, తోడబుట్టినదాన్ని అని కూడా చూడకుండా. నేను ఏడ్చుకుంటూ ఇంటికి పోతే, నా వెనకే వచ్చి వాళ్ళింటి నిండు బిందె ఒకటి మా గడపలో దించిపోయాడు. ఈ రెండూ చూశారు కాబట్టే ఆ ఏడు పంచాయతీ ఎన్నికలు వచ్చేసరికి ఊరు ఊరంతా ఆయన ఇంటికి వచ్చి, నువ్వే నిలబడాల అని పట్టుబట్టింది. చర్చి సందు వాళ్ళయితే ముందుగా వచ్చారు. ఆయన దగ్గర ఉన్నదల్లా ఆ మంచి పేరే, అదే పోతే ఆయన దగ్గర ఇంకేమీ లేదు. ఎన్నికల గుర్తుగా ఆయనకు ఉంగరం వచ్చింది.

మా ఆయనకు మా అన్న అంటే ప్రాణం. ఈ సంగతి ముందు చెప్పకపోతే మీరు ఆయన్ను చెడ్డవాడనుకుంటారు. పలకల గనిలో పనిచేసేవాడు, గట్టి మనిషి, గట్టి గొంతు, బావ నిలబడినాడని తెలిసిన రోజు నుంచి అన్నం కూడా నిలబడే తినేవాడు. గనిలో తోటివాళ్ళు అయిదారుగురిని వెంటేసుకుని మూడు బండ్లు సంపాదించి సైలెన్సర్లు తీయించాడు. మా అన్న చేతులు జోడించుకుని గడప గడపకు నడిచి వచ్చేలోపల వీళ్ళు ముందే ఆ సందులో దూరి, తొడలు చరుస్తూ ఈలలు వేస్తూ, ఉంగరానికి ఓటెయ్యనోడు ఎవడ్రా బయటికి రా అని కేకలు. మొదట్లో జనం నవ్వారు, నేనూ నవ్వాను. తరువాత తలుపులు వేసుకోవడం మొదలుపెట్టారు. మా అన్న వచ్చి మూసిన తలుపుకు దండం పెట్టి పోయేవాడు.

ఒక ఆదివారం వీళ్ళు చర్చి సందులో ప్రార్థన జరుగుతుండగా చర్చి ముందర బండ్లు ఆపి మోత మోగించారు. మరునాడు ఫ్యాక్టరీలో అక్క చట్రం బిగిస్తూ నా వైపు చూడకుండానే అంది.

"మీ అన్నకే ఎయ్యాలని ఉంది గాని, ఎయ్యబోతే మీ ఆయనకు పడుతుందేమోనని భయంగా ఉందే."

చుట్టూ ఉన్నవాళ్ళు పక్కున నవ్వారు. అక్క నవ్వలేదు. నా చేతిలో మేకు వంకర పోయింది.

ఆ సాయంత్రం మా ఆయనతో చెప్పాను. ఆయన కాళ్ళు కడుక్కుంటూ, "నీకేం తెలుసే రాజకీయం? బావ మెత్తనోడు. మెత్తనోడి ముందర ఒక గట్టోడు ఉండాల. లేకుంటే అవతలోళ్ళు నమిలి మింగేస్తారు" అన్నాడు. మా అన్నతో కూడా చెప్పాను. పోలింగు రోజు బూత్‌లో ఆయన తరఫున కూర్చునేది వీళ్ళే, పనులు మానుకుని తిరుగుతున్నది వీళ్ళే, ఏ ముఖం పెట్టుకుని వద్దనాలి అనుకున్నాడు కాబోలు. "ఇంక మూడు దినాలే గదా చెల్లెమ్మా, నెమ్మదిగా చెబుతాలే" అన్నాడు. చెప్పే ఉంటాడు, నెమ్మదిగానే చెప్పి ఉంటాడు.

పోలింగుకు ముందటి రోజు. నేను ఫ్యాక్టరీ నుంచి వచ్చి బిందెలు తీసుకుని నేరుగా ట్యాంకరు ఆగే చోటికి పోయాను. దూరం నుంచే ఏదో తేడాగా అనిపించింది, అంతమంది ఆడవాళ్ళు ఉన్నా మాటల చప్పుడు లేదు. దగ్గరికి పోతే పలకలు కనిపించాయి. మేమంతా పనులకు పోయిన వేళ చూసుకుని ఆ బండ్ల వాళ్ళు, గోడల మీద ఉంగరం గుర్తు వేసే తెల్లరంగు డబ్బా, కుంచె పట్టుకుని వచ్చి, మనవాళ్ళు అనుకున్నవాళ్ళ పలకల మీద ఒక్కొక్క గుండ్రం వేసి వరుసలో ముందర పెట్టారు. మిగిలినవాళ్ళవి వెనక్కి. చర్చి సందు పలకలన్నీ ఆ చివర ఒకదాని మీద ఒకటి కుప్ప. అక్కది, తెల్లవారుతూనే వచ్చి అందరికంటే ముందు పెట్టి పోయిన శిలువ పలక, కాలువలో పడి రెండు ముక్కలై ఉంది.

వరుసలో మొట్టమొదటిది నా పలక. రెండు గీతలు, నడుమ చుక్క, వాటి చుట్టూ ఇంకా తడి ఆరని తెల్ల ఉంగరం.

ట్యాంకరు వచ్చింది. దాన్ని నడిపే భాయ్ పైపు చేత పట్టుకుని దిగి, పలకల వైపు చూశాడు, మా ముఖాల వైపు చూశాడు. "ఏందమ్మా ఇది? ఇయాల ఎవరిది ముందు?" అన్నాడు.  పక్కన దిమ్మె మీద మా ఆయన, ఆయన మనుషులు కూర్చుని ఉన్నారు, వేళ్ళకు ఇంకా రంగు ఉంది. మా ఆయన నా వైపు చూసి తల ఊపాడు. ఆ ముఖంలో రౌడీతనం ఏమీ లేదు, పండగకు కొత్త చీర తెచ్చి ఇచ్చినప్పుడు ఎట్ల చూసేవాడో అట్లనే చూశాడు. పొద్దుననంగా పనిచేసి నా నడుము పడిపోయి ఉంది, నాలుక పిడచగట్టి ఉంది. అక్క నన్నే చూస్తోంది. అందరూ నన్నే చూస్తున్నారు.

నేను బిందె తీసుకుపోయి పైపు కింద పెట్టాను.

ఆ నీళ్ళు బిందెలో పడిన చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. మొదటిది నిండింది, రెండోది పెట్టాను. అది నిండుతుండగా మా అన్న వచ్చాడు, ఎవరు చెప్పి పంపారో, చెప్పులు కూడా లేకుండా. పలకలు చూశాడు, కాలువలో ముక్కలు చూశాడు, తరువాత నా బిందెలు చూశాడు. మా ఆయన లేచి ఎదురుపోయి, అంతా నీ కోసమే గదా బావా చేసింది అన్నాడు.

"నా కోసం చేసినావు. నా పేరుతోనే చేసినావు గదా బావా. రేపు నేను కాదని ఎవరికి చెప్పుకోవాల?" అన్నాడు మా అన్న. ఆయన గొంతు పెంచలేదు.

వంగి కాలువలోంచి ఆ రెండు ముక్కలు తీసి, పంచె అంచుతో తుడిచి, శిలువ కలిసేటట్టు ఒకదాని పక్కన ఒకటి పెట్టి వరుసకు ముందర ఉంచాడు. ఆ తరువాత ఒక్కొక్కరినీ అడిగి పలకలన్నీ మళ్ళీ సర్దాడు. ఎండలో అంతసేపూ ఒక్కరూ కదలలేదు. అంతా అయ్యాక, "రా అక్కా, నీదే ముందు" అన్నాడు.

అక్క వచ్చింది, పలక ముక్కలు రెండూ తీసి కొంగులో వేసుకుంది, ఖాళీ బిందె చంకకు ఎత్తుకుంది. "నీ మీద నాకేం లేదు నాయనా" అంది మా అన్నతో. "కాకుంటే గెలవకముందే నీ చెల్లెలు ముందర నిలబడింది." ఆ మాట అనేసి సందులోకి వెళ్ళిపోయింది, ఆమె వెనక చర్చి సందు ఆడవాళ్ళంతా ఒక్క చుక్క నీళ్ళు పట్టుకోకుండా వెళ్ళిపోయారు.

మరునాడు ఓట్లు పడ్డాయి, అదే సాయంత్రం బడిలో లెక్క తేలింది. మా అన్న ఓడిపోయాడు. ఎవరి ఓట్లు ఎటు పోయాయో ఊళ్ళో ఎవరికీ ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. మా ఆయన మా గడపలో కూర్చుని చిన్నపిల్లాడి మాదిరి ఏడ్చాడు. మా అన్నే వచ్చి పక్కన కూర్చుని, అన్నం తిన్నావా బావా అని అడిగి, కలిపి పెట్టించి, తినేదాకా ఉండి పోయాడు. నన్ను మాత్రం ఏమీ అడగలేదు. ఆ రోజే కాదు, తరువాత బతికున్నన్నాళ్ళూ ఆ రెండు బిందెల మాట ఎత్తలేదు. కానీ మళ్ళీ ట్యాంకరు దగ్గరికి రాలేదు, పలకలు సర్దలేదు. ఆయన రాకపోయేసరికి కొన్నాళ్ళకే వరుస చెదిరిపోయింది, మళ్ళీ జుట్లు, మళ్ళీ సొట్టలు. అక్క ఫ్యాక్టరీలో నా ఎదుటి నుంచి లేచి వేరే వరుసలో కూర్చుంది.

మా ఆయన కొన్నేళ్ళకు గని దుమ్ముతోనే, దగ్గి దగ్గి పోయాడు. పోయేముందు కూడా, నేను బావకు మంచి చేద్దామనే పోయినానే అనేవాడు. నిజమే. ఆయన వెంట తిరిగినవాళ్ళు ఆ తరువాత అవతలి పక్షం ముందర అవే బండ్లు తోలారు, వాళ్ళకు ఎవరైనా ఒకటే. మా అన్న కూడా పోయాడు. ఊళ్ళోకి ఇప్పుడు శుద్ధి చేసిన నీళ్ళు డబ్బాల్లో వస్తున్నాయి, వరుసలు లేవు. మొన్న బస్సులోంచి చూస్తే నాకు కొత్తగా కనిపించింది మోత కాదు, మోత అప్పుడూ ఉంది. ఆ వెనక కారు నా కిటికీ పక్కనే పోతే నా మసక కళ్ళకు కూడా కనిపించింది, ఆయన ముఖంలో సిగ్గు లేదు, మావాళ్ళు ఇంతమంది అన్నట్టు నవ్వుతున్నాడు. మా అన్న చెప్పులు లేకుండా పరిగెత్తి వచ్చాడు. అట్ల పరిగెత్తి వచ్చేవాళ్ళను నేను ఈమధ్య చూడలేదు.

నా పలక ఇప్పటికీ నా దగ్గరే ఉంది, నీళ్ళ కుండ మీద మూతగా పెట్టుకున్నాను. గీతలూ చుక్కా అరిగిపోయాయి, ఆ తెల్లరంగు గుండ్రం మాత్రం ఎంత రుద్దినా పోలేదు. స్టీలు మూత కొనిస్తాను అవ్వా, అది పారెయ్ అంటుంది ఇది రాస్తున్న పిల్ల. మా ఆయన అరుపులకే మా అన్న ఓడిపోయాడని ఊళ్ళో పెద్దవాళ్ళు ఈనాటికీ చెప్పుకుంటారు. పోయినవాడు కదా, వచ్చి కాదనలేడు. నేనయితే అరవలేదు, ఎవరినీ ఒక్క మాట అనలేదు. నీళ్ళు పట్టుకున్నాను, అంతే.