పుస్తకాల్లో పెట్టిన పొగాకు

మొన్న దర్శి నుంచి ఒక అమ్మాయి, చరిత్రలో పరిశోధన చేస్తున్నదట, రెడ్డిరాజుల కాలం నాటి సంగతులున్న పుస్తకాలు నా దగ్గర ఉన్నాయని ఎవరో చెబితే ఒంగోలులో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. అడిగేవాళ్లు లేక ఏళ్ల తరబడి తెరవని బీరువా అది. రిటైరైన మేష్టరుకు ఇంతకన్నా పండగేముంటుంది, కాఫీ అయినా తాగనివ్వకుండా ఆమెను ఆ గదిలోకి తీసుకుపోయాను.

ఆ పుస్తకాలన్నీ నేనూ మా బావా కలిసి కూడబెట్టినవి. బావ అంటే మా అక్క భర్త, పర్చూరు దగ్గర పొగాకు రైతు, చదివింది ఎనిమిదో తరగతే గాని కాకతీయుల సామంతుల పేర్లు గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పేవాడు. సెలవు రోజుల్లో ఇద్దరం ఒకే సైకిలు మీద పాత పుస్తకాల కొట్లూ, తెలిసినవాళ్ల ఇళ్లలో అటకలూ గాలించేవాళ్లం, ఏ రాజు గొప్పవాడన్న మా వాదన దారిపొడుగునా కొండవీటి చాంతాడంత సాగేది. ఒకసారి మిరప చేను గట్టున ఒరిగి ఉన్న రాతిపలక మీద అక్షరాలు కనిపిస్తే, బావ దాన్ని కడిగి, సుద్ద రుద్ది, మూడు ఆదివారాలు ఎండలో కూర్చుని, ఆ శాసనమంతా మా శాసనాల సంపుటం చివరి ఖాళీ పేజీల్లో పెన్సిలుతో ఎక్కించాడు. అది ఎక్కడా అచ్చు కాలేదు. తరవాత కాలవ మీద తూము కట్టినప్పుడు ఆ రాయిని పగలగొట్టి పునాదిలో వేసేశారు.

బావ తన కంటిచూపు తగ్గాక పుస్తకాలన్నీ నాకు అప్పగించాడు. ఘాటుకు పురుగు రాదని నేను ప్రతిదాంట్లోనూ ఎండు పొగాకు పెట్టాను. అది తెలిసి ఆయన నవ్వాడు.

"ఒరేయ్, పొగాక్కి పురుగు పట్టదని నీకెవడు చెప్పాడ్రా? గోడౌన్లో మా పొగాకంతా తినేది ఏంది మరి? తీసి అవతల పారెయ్."

బళ్లో పాఠాలు చెప్పేవాణ్ణి, పుస్తకాల సంగతి నాకు ఒకరు చెప్పాలా అని తీయలేదు. ఆయన పోయాక బీరువా తెరవడానికే మనసొప్పలేదు.

ఆ అమ్మాయి మొదట ఆ శాసనాల సంపుటమే తీసి అట్ట ఎత్తితే గోధుమరంగు పొడి జలజల రాలింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారంటారు, నేను ఆకులు పట్టుకునే చేతులు కాల్చుకున్నాను. చివరి పేజీలు జల్లెడలా ఉన్నాయి, పెన్సిలు గీత ఒక్కటీ మిగల్లేదు.

"పర్లేదండి మాస్టారూ, ఈ పుస్తకం నెట్‌లో ఉంది, దించుకుంటాను," అంది పాపం. నేను బావ రాత సంగతి చెప్పాను. ఆమె వెంటనే పెన్ను తీసి, అందులో ఏముందో గుర్తున్నంతవరకు చెప్పమంది. ఎంత తడుముకున్నా స్వస్తిశ్రీ అన్న మొదటి మాట దాటి ముందుకు పోలేకపోయాను. ఆ మాట ఏ శాసనానికైనా ఉండేదే. ఆమె పెన్ను మూసేసింది.

మేము ఎండనపడి తెచ్చిన పుస్తకాలన్నీ ఈ రోజున ఆ పిల్ల ఫోనులోనే దొరుకుతాయి, మా తిరుగుడు ఇక ఎవరికీ అక్కర్లేదు. ఎక్కడా దొరకనివి ఆ నాలుగు పేజీలే, వాటిని దాచమని బావ నా చేతికిస్తే నేను పురుగుకు పెట్టాను.