మామిడిపిందెల ఎక్స్‌రే

ఈ రోజు మంగళవారం. సైదాబాద్‌లో మా వీధి చివర ఎక్స్‌రేలు చూసే డాక్టర్ సాబ్ ఆదివారం పొద్దున పోయారు. నిన్న కాంపౌండర్ ఫోన్ చేసి, "టీచరమ్మా, క్లినిక్ ఖాళీ చేస్తున్నం. శుక్రవారం పాత సామాన్లు కొనే కబాడీ ఆయన వస్తడు. మీ ఫిల్ములు తీస్కపోండ్రి" అన్నాడు. పాత ఫిల్ముల మాట వింటే నాకు ఇప్పటికీ తలెత్తబుద్ధి కాదు. అందుకే రాస్తున్నాను.

లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. ఇంట్లో ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో చెప్పేది నేనే. మనవరాలు సైకిల్ మీంచి పడినప్పుడు బడి దగ్గరి ఆసుపత్రిలో కాలికి ఎక్స్‌రే తీయించాం. విరగలేదన్నారు. విరగని ఎముక ఫిల్ము మనకెందుకని, ధూల్‌పేట్‌లో వినాయకుడి విగ్రహాలకు రంగులేసే నా పాత విద్యార్థి అడిగితే ఇచ్చేశాను. "దీంట్ల డిజైన్ కోసి పైనుంచి రంగు కొడితే పంచె అంచు మస్తుగ వస్తది, మేడమ్" అన్నాడు.

కొన్నాళ్లకు పిల్ల అదే కాలు నొప్పి అంది. బడి ఎగ్గొట్టే నాటకాలన్నాను. కుంటుతుంటే సరిగ్గా నడవమని గద్దించాను. చివరికి ఎమ్మారై తీస్తే, వేగంగా పెరిగే ఎముక క్యాన్సర్ కావచ్చు, కాలు తీసెయ్యాల్సి రావచ్చు అన్నారు ఆసుపత్రిలో.

సీడీ పట్టుకుని డాక్టర్ సాబ్ దగ్గరికి పరుగెత్తాం. ఆయన దాన్ని ముట్టుకోలేదు. "ఎమ్మారై చుట్టూ ఉన్న వాపును గూడ చూపిచ్చి భయపెడ్తది. ముందుగాల ఎక్స్‌రే. పాతది ఏది?" అన్నారు. ఎవరొచ్చినా ఆయన మొదట అడిగేది అదే.



"ధూల్‌పేట్‌ల ఉన్నది, సాబ్" అంది కోడలు.

"ధూల్‌పేట్‌లనా? దానికి ఆడ ఏం పని?"

"వినాయకునికి అంచులు ఏస్తున్నరు."

"ఎవరిచ్చిన్రమ్మా?"

"నేనే, సాబ్" అంది కోడలు, నా తప్పు తన మీద వేసుకుని.

ఆమె నా వైపు చూడలేదు. నేను గోడ మీది కేలండర్ చూస్తూ కూచున్నాను.

ఆమే ఆటోలో పోయి ఫిల్ము తెచ్చింది. ఎర్రరంగు అంటుకుని, వరసగా మామిడిపిందెల ఆకారంలో రంధ్రాలతో ఉంది. "గణపతి మంచి ఆర్టిస్టును పెట్టుకున్నడు" అని నవ్వి, డాక్టర్ సాబ్ దాన్ని కిటికీకి ఆనించారు. నవ్వు ఆగిపోయింది. రెండు రంధ్రాల నడుమ ఎముక మీద వేలు పెట్టారు.

"ఇగో. గప్పుడే ఉన్నది, చిన్నగ. ఎవ్వరు చూడలే." ఆ రోజే తీయించిన కొత్త ఫిల్ము పక్కన పెట్టి చూశారు. "పెరిగింది గని, నెమ్మదిగ. ఉరికేటిది కాదిది. గట్లని ఇడిచిపెట్టేది గూడ కాదు."

పరీక్షకు ముక్క తీసే సూది ఎటు నుంచి వెళ్లాలో సర్జన్‌కు ఆయనే ఫోన్ చేసి చెప్పారు. చాలా అరుదైన కణితి అని తేలింది. అది ఉన్నంత మేరకు ఎముక తీసి, వేరే ఎముక అతికించారు. కాలు నిలిచింది.

తర్వాత ఒకరోజు నిజం చెబుదామని ఒంటరిగా ఆయన దగ్గరికి వెళ్లాను. నన్ను మొదలుపెట్టనివ్వలేదు. చాయ్ ముందుకు జరిపి, "టీచరమ్మా, నాకు ఎముకలే కనపడ్తయి. ఇంట్ల సంగతి ఇంట్లనే చెప్పుకోండ్రి" అన్నారు. ఆయనకు తెలుసు. క్షమించారనుకుని తేలికపడి వచ్చేశాను. ఎవరికి చెప్పాలో ఆయన చెప్పారని ఇప్పుడు అర్థమవుతోంది.

ఇక జరగవలసినవి:

1. ఆయన దగ్గర ఫిల్ములున్న ప్రతి ఇంటివారూ గురువారంలోపు తెచ్చుకోవాలి. విరగలేదన్నవి కూడా.

2. మనవరాలి తర్వాతి పరీక్షకు పాతవన్నీ పట్టుకెళ్లాలి. కొత్త డాక్టరు అడగకపోయినా ముందు పెట్టాలి.

3. ఫిల్ము ఇచ్చింది నేనేనని, కొడుకూ మనవరాలూ వింటుండగా కోడలి ముందు ఒప్పుకోవాలి. ఇది అచ్చుకు పంపకముందే.

4. కోడలితో కలిసి వెళ్లి ఆ ఫిల్ము తెచ్చుకోవాలి. కొత్తగా చదువుకునే డాక్టర్లకు చూపిస్తానని ఆయన దాన్ని కిటికీకే అతికించి ఉంచుకున్నారు. నిన్న గుమ్మం దాకా వెళ్లి లోపలికి అడుగు పెట్టలేకపోయాను. ఆయన ఖాళీ కుర్చీలో ఎండ మామిడిపిందెలై పడి ఉంది.